పళ్ళతో వినే మనిషి

పోయిన వారం మధ్యాహ్నం అన్నం తింటుండగా మోవా నుంచి ఫోను వచ్చింది. "సిస్టరమ్మా, మీ మేస్త్రి పోనాడు," అంది వాళ్ళావిడ. గొంతులో వణుకు లేదు. ఏడిస్తే ఆ మనిషి లేచి కూచుని మరీ కసురుతాడని ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఎప్పుడని అడిగాను. నాలుగు రోజులైందంది. నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక ఎంగిలి చేత్తో అలాగే కూచుండిపోయాను.

ఆయన గంటలు పోసే మేస్త్రి. గుడి గంటలు, బడి గంటలు, ఎడ్ల మెడలో కట్టే గంటలు, చివరికి మా చర్చి గంట. శ్రీకాకుళం వైపు కంచరి పనివాళ్ళ కుటుంబం. వయసులో ఉండగానే రాయ్‌పూర్ వచ్చేసి, బిలాస్‌పూర్ రోడ్డులో మోవా దాటాక ఒక రేకుల షెడ్డు వేసి, అక్కడే కొలిమి పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ వాళ్ళు కకా, అంటే బాబాయ్, అని పిలిచేవాళ్ళు. నేను మొదట మేస్త్రి గారూ అనేదాన్ని, తరువాత బాబాయ్ గారూ అన్నాను. ఆయన పేరు ఇక్కడ రాయను. పేర్లంటే ఆయనకెంత మంటో చదివితే మీకే తెలుస్తుంది.

నోట్లో ఎప్పుడూ వేపపుల్ల ఉండేది. పొద్దున పళ్ళు తోముకునే వేళే కాదు, మిట్టమధ్యాహ్నం కూడా, పెళ్ళి భోజనానికి వెళ్ళినా కూడా. జానెడు ఎండుపుల్ల, ఒక దవడ పక్కకి తోసి మాట్లాడేవాడు. ఈ ముసలాయన తోముకోవడం ఎప్పటికి పూర్తవుతుందో అని మా చర్చి ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. మాట కూడా అంతే, పక్కన నిలబడ్డ మనిషితో వీధి చివర ఉన్నవాడితో మాట్లాడినట్టు అరిచేవాడు. మనం ఒకటి అడిగితే ఆయన ఇంకొకటి చెప్పేవాడు. టీ తాగుతారా అంటే మంగళవారానికి అయిపోద్ది అనేవాడు. పొగరని కొందరు, తిక్కని కొందరు. వాళ్ళావిడ మాత్రం ఎప్పుడూ ఆయన ఎడమ భుజం పక్కనే నిలబడి, ఆయనకి ఎదురుగా తిరిగి, మనం అన్నది ఇంకోసారి చెప్పేది. మన మాటకి వంత పాడే అలవాటేదో అనుకునేవాళ్ళం.

ఒక మాట దగ్గర మాత్రం ఆయనకి గట్టి పట్టింపు. గంట మోగింది అంటే ఊరుకునేవాడు కాదు. మోగడానికేముంది, రేకు డబ్బా కూడా మోగుతుంది, గంట పలకాలి అనేవాడు. షెడ్డులో వేలాడదీసిన గంటని ఎవరైనా సరదాకి కొట్టి, వెంటనే చెయ్యి వేసి ఆపితే ఆయనకి పూనకం వచ్చేది. గొంతు నొక్కేస్తావేటిరా అని మీదికి వెళ్ళేవాడు. గంట ఒళ్ళంతటికీ మనిషి పేర్లే పెట్టుకున్నాడు. పైన నెత్తి, కింద భుజం, తరువాత నడుము, అంచున పెదవి, లోపల నాలుక. పెదవి దగ్గర మందం ఎక్కువ, నాలుక తగలాల్సింది అక్కడే. మా ఇంట్లో మంచినీళ్ళిస్తే తాగే ముందు గ్లాసుని గోటితో కొట్టి చూసి, మొహం చిట్లించి, అప్పుడు తాగేవాడు.

మాది రైల్వే కాలనీని ఆనుకుని ఉన్న చిన్న తెలుగు చర్చి. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైల్వేలోకీ ఆసుపత్రుల్లోకీ ఉద్యోగాలకు వచ్చినవాళ్ళు కట్టుకున్నది. నేనూ అలాగే నర్సుగా వచ్చి, దేవేంద్ర నగర్‌లో ఇల్లు కట్టుకుని ఇక్కడిదాన్నే అయిపోయాను. చర్చిలో ఉన్న పాత గంట మా ముందు తరం వాళ్ళు కోస్తా నుంచి గూడ్సు పెట్టెలో తెచ్చింది. పద్నాలుగేళ్ళ కిందట, ఈస్టరు పొద్దున, తాడు లాగితే గంట బదులు పగిలిన కుండ చప్పుడొచ్చింది. పెదవి దగ్గర మొదలై నడుము దాకా సన్నటి పగులు.

కమిటీ పెద్ద రైల్వే ఆఫీసులో చాలా ఏళ్ళు చేసి రిటైరైన మనిషి. ఇస్త్రీ మడత నలగదు, తన మాట కింద పడనివ్వడు. వెల్డింగు చేయిస్తే సరిపోతుందని తేల్చేశాడు. అయినా ఒక మాట అడుగుదామని మోవా మేస్త్రిని పిలిపించారు. ఆయన వచ్చి గంట చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వెల్డింగు చేస్తే మళ్ళీ పలుకుతుందా అని పాస్టరు గారు కాగితం మీద రాసినంత స్పష్టంగా అడిగారు. మేస్త్రి "ఘంటా" అన్నాడు. ఈ ఊరి హిందీలో ఘంటా అంటే గంట ఒక్కటే కాదు, నీ మొహం, ఏమీ జరగదు పో అని కూడా. పాస్టరు గారు కోస్తా నుంచి కొత్తగా వచ్చారు, ఆయనకి ఆ రెండో అర్థం తెలియదు. గంట గురించే ఏదో అన్నాడనుకుని మర్యాదగా తల ఊపారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

పగులుకి రెండు అంచులుంటాయనీ, గంట కదిలినప్పుడల్లా అవి ఒకదాన్నొకటి రాసుకుంటాయనీ, ఆ గరగరే మనకి వినపడుతోందనీ మేస్త్రి చెప్పాడు. అతుకు వేస్తే అక్కడొక బిరుసు ముడి పడుతుందట, గంట ఆ ముడి దగ్గర ఊగదట. పగలగొట్టి, కరిగించి, మళ్ళీ పోయడం ఒకటే దారి అన్నాడు. చర్చి ఆడవాళ్ళు గుండెల మీద చేతులు వేసుకున్నారు. కానీ వేరే దారి చెప్పేవాడు ఊళ్ళో లేడు. ఎండలో మోవా దాకా తిరిగి పని చూసుకునే ఓపిక కమిటీలో మగవాళ్ళెవరికీ లేకపోయింది. స్కూటీ ఉంది, నోరుంది అని ఆ పని నాకు అంటగట్టారు.

ఆయన చెవుల సంగతి నేను కనిపెట్టింది అక్కడే. డ్యూటీ దిగి షెడ్డుకి వెళ్ళేసరికి ఆయన ఒక గుడి గంట దగ్గర గొంతుకూచుని ఉన్నాడు. చెక్క సుత్తితో దాన్ని తట్టి, ముందుకు వంగి, నోట్లో ఉన్న వేపపుల్ల రెండో కొసని గంట పెదవికి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. నేను వెనక నుంచి పిలిచాను. పలకలేదు. ఇంకా గట్టిగా పిలిచాను, అయినా పలకలేదు. వాళ్ళావిడ నన్ను చూసి చేతిలో మట్టితట్ట దించేసింది.

నేను చెవి, ముక్కు, గొంతు వార్డులో పద్దెనిమిదేళ్ళు పనిచేసినదాన్ని. మర్నాడు చెవుల పరీక్షకి డాక్టరు గారి బల్ల మీద ఉండే ట్యూనింగ్ ఫోర్కు, రెండు కాళ్ళ ఉక్కు పట్టకారు లాంటిది, హ్యాండ్‌బ్యాగులో వేసుకెళ్ళాను. మోకాలికి కొట్టి ఆయన చెవి ముందు పెడితే మొహంలో ఏ మార్పూ లేదు. దాని కాడని చెవి వెనక ఎముకకి ఆనించాను. ఆయన కళ్ళు ఇంతింత చేసుకుని నవ్వాడు. ఆ పట్టకారు ఆయన చేతిలోంచి నేను తీసుకునేసరికి అరగంట పట్టింది. చిన్నప్పుడు రెండు చెవుల్లోంచీ చీము కారేదట, లోపలి పొరలు ఎప్పుడో పోయాయి. గాలిలో వచ్చే చప్పుడు ఆయనకి అందదు. ఎముకలో వచ్చే చప్పుడు మాత్రం మీకూ నాకూ కన్నా బాగా అందుతుంది. మనిషి పెదవుల్ని కళ్ళతో చూసి, గంట పెదవిని పళ్ళతో విని, అన్నేళ్ళు నెట్టుకొచ్చాడు.

"సెవిటి మేస్త్రికి గంట పని ఎవుడిస్తాడమ్మా? నీకు తెల్సినాది, నీ కాడే ఉండాల," అన్నాడు. గంట ఒకటి పలికితే అది ఎలా ఉందో చెప్పాల్సింది మేస్త్రే. ఆయన బతుకంతా ఆ ఒక్క మాట మీదే నిలబడి ఉంది. ఆ మాటకి విలువ పోతే ఆ షెడ్డు మూసేసుకోవాల్సిందే. నేను సరేనన్నాను.

ఆ రోజు నుంచి నాకు పాఠాలు మొదలయ్యాయి. గంట ఎలా పలుకుతుందో పాత సైకిలు టైరుతో చెప్పాడు. టైరుని రెండు చేతులతో అటూ ఇటూ నొక్కితే కోలగా అవుతుంది, వదిలితే రెండో వైపుకి కోలగా అవుతుంది. గంట పెదవి కూడా కొట్టగానే అలాగే ఒకసారి అటు, ఒకసారి ఇటు సాగుతుంది, మన కంటికి ఆనదంతే. టైరు మీద నాలుగు చోట్ల మాత్రం కదలిక దాదాపు ఉండదు, అక్కడ సుద్దముక్కతో గీతలు పెట్టి చూపించాడు. చుట్టూ మందం ఒకేలా ఉంటే ఎక్కడ కొట్టినా గంట ఒకే గొంతుతో సాగుతుంది. ఒక పక్క బరువెక్కితే ఆ పక్క సాగడానికి ఒక వేగం, మిగతాదానికి ఒక వేగం. అప్పుడు రెండు గొంతులు పుడతాయి, ఒకదానితో ఒకటి గుద్దుకుని ఊఁ ఊఁ అని వణుకుతాయి. నేను డిప్లొమాలో చదువుకోని సంగతి ఇది. ఇంటికెళ్ళి మా ఆయనకి చపాతీ పిండి చుట్టతో చెప్పబోతే చపాతీలు ఎప్పుడని అడిగారు.

పని మొదలైంది. పుట్టమన్ను, ఊక, పేడ, గోనె పీచు కలిపి వాళ్ళావిడ కాళ్ళతో తొక్కింది. దాంతో ముందు గంట లోపలి ఖాళీ ఎంతుంటుందో అంత మట్టిదిమ్మ చేశారు. దాని మీద తేనెమైనం, గుగ్గిలం కలిపి గంట మందానికి పూశారు. గంట వంపు కోసిన చెక్కపలకని చుట్టూ తిప్పుతూ మైనాన్ని నున్నగా దిద్దాడు. ఆ మైనం గంట మీద బయటి మట్టి మెత్తుతారు, కాల్చితే మైనం కారిపోతుంది, ఆ సందులో కంచు పోస్తారు. మైనం ఎలా ఉంటే గంట అలాగే వస్తుంది. అందుకని ఆయన ఆ మైనం దగ్గర ఊపిరి కూడా పక్కకి తిరిగి వదిలేవాడు.

ఇక్కడ మావాళ్ళ జబ్బు ఒకటి చెప్పాలి. మా చర్చిలో పేరు లేని వస్తువు ఉండదు. బెంచీ వెనక ఒకరి పేరు, బీరువా మీద ఒకరి పేరు, మైకు స్టాండు మీద ఫలానా వారి జ్ఞాపకార్థం. ఆఖరికి ఫ్యాను రెక్కల మీద కూడా ఎర్ర రంగుతో పేర్లు రాయించారు. తిరిగేటప్పుడు చదవడానికి వీలుండదు కాబట్టి కరెంటు పోయినప్పుడల్లా తలలెత్తి చూసుకుంటారు. అలాంటివాళ్ళకి కొత్త గంట దొరికితే ఊరుకుంటారా? కమిటీలో పదకొండు మంది, పదకొండు పేర్లూ గంట మీద ఉబ్బెత్తుగా రావాలన్నారు. మేస్త్రి కుదరదన్నాడు. కావాలంటే చర్చి గోడ మీద చెక్కించుకోండి, గోడ పలకాల్సిన పని లేదు అన్నాడు.

మే నెల, నిప్పులు చెరిగే ఎండ. మేస్త్రీ, ఆయన భార్యా అన్నానికి వెళ్ళిన సమయం చూసి కమిటీ పెద్ద సైన్‌బోర్డులు రాసే మనిషిని వెంటబెట్టుకుని షెడ్డుకి వెళ్ళాడు. వేలెడు మందం మైనపు పలక మీద పదకొండు పేర్లు అచ్చు తీసినట్టు దిద్దించి, తెచ్చి, గంట ఒక పక్కన పెదవికి కాస్త పైన అతికించేశాడు. తన పేరు మొదటిది. మేస్త్రి తిరిగొచ్చి చూసి పెట్టిన కేకకి రోడ్డు మీద ఆటోలు ఆగాయి. కబురు తెలిసి నేను వెళ్ళాను, పాస్టరు గారు పరుగున వచ్చి బతిమాలారు. పెద్దవాళ్ళు ముచ్చటపడ్డారు, అయిపోయిందేదో అయిపోయింది, తీసేస్తే సంఘంలో గొడవలవుతాయి అన్నారు. మేస్త్రి నా వైపు చూశాడు. నేను అప్పుడు తీసేయండి అనాల్సింది. పాస్టరు గారి మొహం చూసి నోరు మూసుకున్నాను. మేస్త్రి కూడా మూసుకున్నాడు. సాయంత్రానికి మట్టి మెత్తేశాడు.

పోత పోసిన రోజు పొద్దున్నే వెళ్ళాను. పాత గంట ముక్కలు కొలిమిలో పెట్టే మట్టిమూసలో వేసి కరిగించారు. కంచు అంటే నాలుగు పాళ్ళు రాగి, ఒక పాలు తగరం. మళ్ళీ కరిగించినప్పుడు తగరం కొంత మాడిపోతుంది కాబట్టి పైన పిడికెడు వేశాడు. తగరం ఎక్కువైతే గంట గాజులా పగులుతుంది, తక్కువైతే మూగదవుతుంది. పోయడం మొదలుపెట్టాక ఆపకూడదు, నిండేదాకా ఒకే ధార. అచ్చులో చెమ్మ మిగిలితే ఆవిరై పేలుతుంది. ఆ కాసేపూ ఆయన నోట్లో పుల్ల లేదు, అలా ఆయన్ని చూడటం నాకదే మొదటిసారి. తరువాత రెండు రోజులు గుంటలోనే మట్టి కప్పి చల్లారనిచ్చాడు.

మూడో రోజు గంట తవ్వితీసి, రుద్ది, తోమి షెడ్డు దూలానికి కట్టారు. మోకాలెత్తు గంట, నలుగురు మోయాలి. బంగారంలా మెరుస్తోంది. కమిటీ అంతా దిగింది, కింద చిన్న ట్రాలీ బండి సిద్ధంగా పెట్టుకుని. జూన్ మొదటి ఆదివారం ప్రతిష్ఠ, కార్డులు అచ్చయ్యాయి. ఒకరు కొట్టారు. గంట పెద్దగానే మోగింది. అందరూ చప్పట్లు కొట్టారు. పేర్ల మీద వేళ్ళతో తడుముకుంటూ ఫోటోలు తీసుకున్నారు. మేస్త్రి వంగి పుల్ల ఆనించాడు. ఇంకోచోట తట్టి మళ్ళీ ఆనించాడు. లేచి నిలబడి, ఇది ఇవ్వను, దీనికి రెండు గొంతులున్నాయి, మళ్ళీ పోస్తాను అన్నాడు.

కమిటీ పెద్దకి మొహం మాడిపోయింది. ఇంతమందికి బాగున్నది నీకొక్కడికే బాగాలేదా అన్నాడు. మేస్త్రి ఆ సమయానికి గంట వైపు తిరిగి ఉన్నాడు, జవాబు చెప్పలేదు. పెద్దాయనకి అప్పుడే అనుమానం తగిలింది. తెలివైన మనిషి, ఆ మాట ఒప్పుకోవాలి. మేస్త్రి వీపు వైపు నిలబడి, మామూలు గొంతుతో, "మేస్త్రీ, నీ షెడ్డు తగలబడుతోంది," అన్నాడు. మేస్త్రి కదలలేదు. వాళ్ళావిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

నవ్వులు మొదలయ్యాయి. చెవిటివాడు మన గంటకి వంకలు పెడుతున్నాడని ఒకాయన అన్నాడు. పడీ పడీ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. మేస్త్రి తిరిగి మొహాలు చూశాడు. ఆయనకి ఏదో అర్థమైంది కానీ మాటలు అందలేదు. ఏటన్నాడని నన్ను అడిగాడు. నేను ఎదురుగా నిలబడి, ఒక్క అక్షరం దాచకుండా చెప్పాను.

ఆయన నోట్లోంచి పుల్ల తీశాడు.

"అవును, నాకు సెవుల్లేవు. మీ మాటలు ఇనపడవు, అందుకే ఇన్నేళ్ళు పని సేసుకోగలిగినాను. గంట మాట ఇనపడతాది. నన్ను నమ్మొద్దు. రండి, మీ సెవుల్తోనే ఇనండి."

సుద్దముక్క తీసి గంట పెదవి చుట్టూ ఎనిమిది గీతలు పెట్టాడు. పాస్టరు గారి చేతికి చెక్క సుత్తి ఇచ్చి మొదటి గీత మీద కొట్టమన్నాడు. ఒక గొంతు, శుభ్రంగా సాగింది. పక్క గీత వదిలేసి దాని తరువాత దాని మీద కొట్టమన్నాడు. అదే గొంతు. ఇప్పుడు వదిలేసిన గీత మీద కొట్టమన్నాడు. గొంతు శుభ్రంగానే ఉంది, కానీ అది వేరే గొంతు, కొంచెం కిందికి. ఇక రెండు గీతల మధ్యన కొట్టించాడు. గంట ఏడుపు మొదలుపెట్టింది. ఊఁ ఊఁ అని వణుకుతూ, లేస్తూ, పడుతూ. పాస్టరు గారు చక్కగా పాడతారు, ఆయన మొహంలో రంగు మారింది. రెండు శ్రుతులున్నాయి అన్నారు మెల్లగా. మళ్ళీ కొట్టించారు. నవ్విన వాళ్ళందరూ విన్నారు. ఒకసారి విన్నాక ఇంక వినకుండా ఉండలేం.

ఎందుకిలా అయింది అని పాస్టరు గారు అడిగారు. మేస్త్రి పేర్ల పలక కింద చెయ్యి పెట్టి చూపించాడు. ఆ బరువుకి, ఆ ఎండకి మైనం జారింది. గంట ఆ పక్క లావెక్కింది. పేర్లు అరగదీసినా పోదు, ఒంపే తప్పిపోయింది. "తప్పు నాదే," అన్నాడు. "మైనం జారడం సూసినాను. ఆ పూట నోరు మూసుకున్నాను." ఆ తప్పులో నా వంతు కూడా ఉందని నేను అక్కడ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

కమిటీ పెద్ద అప్పటికీ లొంగలేదు. గీత మీద కొడితే బాగానే ఉంది కదా, నాలుక సరిగ్గా గీత దగ్గరే తగిలేలా వేలాడదీద్దాం అన్నాడు. నిజం చెప్పాలంటే అది తెలివైన మాటే. మేస్త్రి కాసేపు ఆలోచించాడు. నాలుక ఒకేచోట కొడితే కొన్నేళ్ళకి అక్కడ అరుగుతుంది, అప్పుడు ఎవరో గంటని కొంచెం తిప్పి కడతారు, ఆ తిప్పేవాడికి ఈ గీతల సంగతి ఏం తెలుసు అన్నాడు. ఆ రోజు నుంచి మీ పిల్లలు ఈ ఏడుపు వినాలి, అడుగుదామంటే నేనుండను అన్నాడు. పెద్దాయన విసిగిపోయాడు. ఇది చర్చి గంట, చర్చి కంచు, నీ అనుమతి ఎవడికి కావాలి అని, బండివాళ్ళని దింపమన్నాడు. నలుగురు తాళ్ళు విప్పి గంటని నేల మీదికి దించారు.

నేనేం చేశానో ఇప్పటికీ మా చర్చిలో చెప్పుకుంటారు. వెళ్ళి గంట మీద కూచున్నాను. యాభై నాలుగేళ్ళ మనిషిని, యూనిఫాం చీరలో, కాళ్ళు చాపుకుని. ఎత్తండి చూద్దాం అన్నాను. బండివాళ్ళు పెద్దాయన మొహం చూశారు, పెద్దాయన పాస్టరు గారి మొహం చూశాడు. ఇంతలో మేస్త్రి లోపలికెళ్ళి పెద్ద సమ్మెట భుజాన వేసుకొచ్చాడు.

"సిస్టరమ్మా, లెగు," అన్నాడు.

లేచాను. గంటని పక్కకి దొర్లించి కొట్టాడు. మొదటి దెబ్బకి అది అరిచింది, రెండో దెబ్బకి కూడా. మూడో దెబ్బకి పెదవి నుంచి నడుము దాకా ముక్క ఎగిరి మట్టిలో పడింది. ఆ తరువాత చప్పుడే మారిపోయింది, ఊరికే లోహం. ఆయన ఆగలేదు, చెమట కళ్ళలోకి కారుతున్నా కొడుతూనే ఉన్నాడు. పెద్దాయన పోలీసులన్నాడు, కోర్టన్నాడు. ఆయనకి ఒక్క మాటా వినపడలేదు, అది ఆయన అదృష్టం. పాస్టరు గారు వంగి ఒక ముక్క తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. దాని మీద సగం పేరు ఉంది, ఎవరిదో నేను చెప్పను. ఎన్నాళ్ళు పడుతుందని మేస్త్రి ఎదురుగా నిలబడి అడిగారు. ఇరవై రోజులన్నాడు. ప్రతిష్ఠ ఆదివారం నేను మారుస్తానని పాస్టరు గారు అన్నారు. అంత మెత్తటి మనిషి ఆ మాట ఎంత గట్టిగా అన్నారో.

కమిటీలో మూడొంతుల మంది మాత్రం మేస్త్రిని నమ్మలేదు. రెండు గొంతులు ఉంటే ఉండొచ్చు, కానీ చెవులు లేనివాడు రెండోసారి మాత్రం ఏం ఒరగబెడతాడు, పగలగొట్టడం సులువే అన్నారు. ఊళ్ళో కూడా పాకిపోయింది. ఒక గుడివాళ్ళు అప్పటికే చెప్పిన పని వెనక్కి తీసుకున్నారు. ఈ గంట కూడా బాగా రాకపోతే ఆయన మాట ఇంక ఎక్కడా చెల్లదని వాళ్ళావిడ నాతో ఒకసారే అంది, మట్టి తొక్కుతూ. పైగా ఆకాశంలో మబ్బులు మొదలయ్యాయి. అచ్చుకి చెమ్మ పట్టకుండా మొగుడూ పెళ్ళాం వంతులవారీగా చుట్టూ పిడకల సెగ పెట్టారు. ఈసారి మైనం మీద ఎవరి పేరూ లేదు. పోసే రోజున కమిటీ పెద్ద వచ్చి గుమ్మం బయటే గొడుగేసుకుని నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు.

గంట తీశాక మేస్త్రి ఎవర్నీ పిలవలేదు. ఎలా ఉందని అడిగితే, వేలాడదీశాక చెప్తాను అన్నాడు. నా మీద కూడా విసుక్కున్నాడు.

వేలాడదీసిన ఆదివారం పొద్దున వాన వెలిసింది. చర్చి ముందు నాలుగు ఇనప దూలాలతో కట్టిన ఎత్తైన స్తంభం, పైన గంట. సంఘమంతా ఆవరణలో నిలబడింది, నూటయాభై మందిదాకా. మేస్త్రి తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. మొదట తాడు మీరే లాగండి అని పాస్టరు గారు అడిగితే, వద్దని కమిటీ పెద్దని చూపించాడు. తను మాత్రం వెళ్ళి స్తంభం కాలు పట్టుకుని, నుదురు ఆ ఇనుముకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. కొందరు మోచేతులతో పొడుచుకున్నారు.

పెద్దాయన తాడు లాగి వదిలాడు, ఒక్కసారే. ఆ గొంతు ఎలా ఉందో రాయడం నా వల్ల కాదు. పాత గంట ఎరిగిన ముసలమ్మలు ఏడ్చారు, నేనూ ఏడ్చాను. ఒక్క గొంతు, వణుకు లేదు, గరగర లేదు, అలా సాగి సాగి సన్నబడి, రోడ్డు మీద బళ్ళ చప్పుడులో కలిసిపోయింది. ఇంక ఏమీ వినపడలేదు. పెద్దాయన గొంతు సవరించుకుని, తలవంచి, ప్రార్థన మొదలుపెట్టాడు. పరిశుద్ధుడవైన తండ్రీ, అన్నాడో లేదో, పక్కనే ఉన్న భార్య మేస్త్రి ఎడమ భుజం తట్టింది, ఆయన కళ్ళు తెరవకుండానే ఒక చెయ్యి పైకెత్తాడు.

పెద్దాయన ఆగిపోయాడు. ఎవరూ కదల్లేదు. చిన్నపిల్ల ఒకతి ఏదో అనబోతే తల్లి నోరు మూసింది. నేను చెవులు రిక్కించాను, అందరూ రిక్కించారు, ఒక్కరికీ ఏమీ అందలేదు. ఆ చెయ్యి మాత్రం దిగలేదు. నవ్వినవాళ్ళూ, నమ్మనివాళ్ళూ, ఇస్త్రీ మడత నలగని పెద్దాయనా, నూటయాభై జతల మంచి చెవులతో ఆ ముసలాయన చెయ్యి వైపు చూస్తూ నిలబడ్డాం. చాలాసేపటికి చెయ్యి దించి, స్తంభం నుంచి తల తీసి, కళ్ళు తెరిచి పెద్దాయన వైపు చూశాడు.

"ఇప్పుడాగినాది," అన్నాడు. "ఇంక సెప్పుకోండి."